ఖాళీ గడికి పగారెంత?

సూరత్‌లోని పాండేసరలో మన తెలుగువాళ్లు ఏం అడిగినా చెబుతారు, పగార్ (జీతం) సంగతి తప్ప. ఊరేదంటే కరీంనగర్ వైపో నల్లగొండ వైపో ఒక పల్లె పేరు చెప్పి, అక్కడ మనకెవరు తెలుసో ఆరా తీసి, చాయ్ కూడా తాగిస్తారు. "పగారెంత వస్తదన్నా?" అన్నామో, అప్పటిదాకా మన గొంతు విన్న మనిషికి సాంచాల (మరమగ్గాల) చప్పుడులో ఏమీ వినపడదు.

ఈ తెలుగు కుటుంబాల మీద మా సంస్థ ఒక సర్వే చేసింది. ఫారాలు ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాత ఎక్సెల్ షీటుగా మార్చి పెద్దసారుకు పంపడం నా పని. మార్చడమంటే ఒక బటన్ నొక్కడమే. తలనొప్పి ఆ బటన్ నొక్కాకే మొదలవుతుంది.

ఫారంలో ఖాళీలన్నీ ఒక్క జాతివి కావు. నవజీవన్ ఎక్కి బతుకమ్మకు ఊరెళ్లినవాళ్ల ఇంటికి తాళం. వాళ్లను అడగనే లేదు. కొందరు అడిగినా చెప్పలేదు. కొందరు తెలియదన్నారు. కొందరికి ఆ ప్రశ్నే వర్తించదు: సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది గానీ, మీ పిల్లల్ని అందులో వేశారా అని పెళ్లికాని కుర్రాణ్ణి అడగలేం కదా! అందుకని వయసు గడిలో తెలియదంటే 98, చెప్పనంటే 99 అని గుర్తు పెట్టుకున్నాం. ఇవి వయసులు కావు, లెక్కలోకి తీసుకోకు అని ఎస్‌పీఎస్‌ఎస్‌కు ముందే చెప్పి ఉంచాం. అది బుద్ధిగా వింది.

ఎక్సెల్‌కు ఆ మాట ఎవరూ చేరవేయలేదు. ప్రత్యేకంగా చెప్పకపోతే 98, 99 మామూలు అంకెల్లాగే అందులోకి వెళ్తాయి. ఒక ముసలమ్మను సర్వే పిల్ల వయసు అడిగితే, "రజాకార్ల గడబిడల మా అమ్మ నన్ను సంకనేసుకొని ఉరికిందట బిడ్డా, నువ్వే లెక్కజేస్కో" అంది. సర్వే పిల్ల లెక్క జేసుకోకుండా 98 వేసింది. షీటులో ఆమెకు ఇరవై ఏళ్లు అదనంగా ముట్టాయి. కింది వరసలో మీసాలు సరిగా మొలవని కుర్రాడు వయసు చెప్పనన్నాడు. 99 ఏళ్ల వయసులో రాత్రి పాలీ (షిఫ్టు) చేస్తున్నాడు. ముప్పై ఏళ్లవాళ్లు తొమ్మిదిమంది ఉన్న జట్టులో ఇలాంటివాడు ఒక్కడు కలిస్తే చాలు, సగటు 36.9కి ఎగబాకుతుంది.

ఇక పగార్ గడిలా, ఏ గుర్తూ పెట్టకుండా అసలు ఏమీ రాయని గడులు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో అవి చిన్న చుక్కలు, ఎవరి జోలికీ పోవు. ఎక్సెల్‌లోకి రాగానే '#నల్!' అని అరుస్తాయి. షీటు చూసి పెద్దసారు, "ఏమయ్యా, ఫైలుకు వైరస్ పట్టిందా?" అన్నారు. వైరస్ కాదు సార్, పగార్ చెప్పనివాళ్లు అన్నాను. ఆ నిలువు వరసకు సగటు కట్టమంటే సగటు కూడా '#నల్!' అంది. ఒక్కడు నోరు విప్పకపోతే బస్తీ బస్తీ అంతా మౌనవ్రతమే.

సారు ఊరుకునే మనిషి కాదు. ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, '#నల్!' ఉన్నచోటల్లా సున్నా పెట్టి, "చూశావా, ఎంత నీటుగా ఉందో!" అన్నారు. నీటుగానే ఉంది. పదిమందిలో ఎనిమిదిమంది తలా 15,000 చెప్పి, ఇద్దరు చెప్పలేదనుకోండి. ఆ ఇద్దరి గడులూ ఖాళీగా వదిలితే ఎక్సెల్ వాళ్లను పక్కనపెట్టి సగటు 15,000 అంటుంది. సున్నాలు పెడితే 12,000 అంటుంది. ఏ శేఠూ కోయకుండానే తలా మూడు వేలు కోత పడింది.

పోనీ సున్నాలన్నీ తీసేద్దామా అంటే అదీ కుదరదు. దీపావళికి కార్ఖానాలు మూతపడ్డ రోజుల్లో మీటర్ల లెక్కన నేసేవాడి పగార్ నిజంగానే సున్నా. దాన్ని ఖాళీ చేస్తే అదొక అబద్ధం.

ఈ గోల మా ఒక్క ఆఫీసుదే కాదు, మిగతా గణాంకాల సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. స్టాటాలో ఖాళీ విలువ ఏ అంకెకన్నా పెద్దది. శాస్‌లో ఏ అంకెకన్నా చిన్నది. పగార్ చెప్పని మన అన్న స్టాటాలో అంబానీ వరసలో కూర్చుంటాడు, శాస్‌లో అడుక్కునేవాడికన్నా కింద ఉంటాడు. ఆర్‌లో ఖాళీకి గుర్తు 'ఎన్ఏ'. నమీబియా దేశానికి రెండక్షరాల కోడ్ కూడా అదే. జాగ్రత్త పడకపోతే పట్టికలోంచి ఆ దేశం మాయమవుతుంది.

చివరికి సారుకు నచ్చజెప్పి ఒక పద్ధతి పెట్టాను. ఎక్సెల్‌కు పంపేముందు 98, 99లను కూడా ఖాళీలుగా మార్చాలి. వచ్చిన '#నల్!'లను తుడిచి గడిని ఉత్తగా వదలాలి, సున్నా గానీ గీత గానీ పెట్టకూడదు. ప్రతి ప్రశ్న పక్కన 'కారణం' అని ఇంకో నిలువు వరస: అడగలేదు, చెప్పలేదు, తెలియదు, వర్తించదు.

ఆ వరసను జల్లెడ పడితే అసలు కబురు బయటపడింది. పగార్ దగ్గర 'చెప్పలేదు' అని నమోదైనవాళ్లలో ఎక్కువమందిని కార్ఖానాలో, శేఠ్ మనిషి పక్కనుండగా అడిగాం. ఇంటి దగ్గర అడిగినవాళ్లు చెప్పారు. భర్త చెప్పిన అంకెను భార్య అక్కడే సవరించింది కూడా. సున్నాలు పెట్టుకుని నీటుగా ఉంటే ఈ సంగతి మాకు తెలిసేదే కాదు. ఈసారి సర్వే అంతా పొద్దుగూకాక ఇళ్ల దగ్గరే అని తీర్మానించాం.

సారుకు ఇప్పుడు 'కారణం' వరస అంటే ప్రాణం. ఆఫీసు సిబ్బంది షీటులోనూ పెట్టమన్నారు, పెట్టాను. అందులో ఒకే ఒక్క పగార్ ఖాళీగా ఉంది, సారుది. పక్కన కారణం కూడా నియమం ప్రకారమే రాశాను: 'అడగలేదు. అడిగే ధైర్యం ఉన్న ఉద్యోగి పోస్టు ఖాళీగా ఉంది.'