గ్రీన్‌కార్డు మామ

మా ఐరాలలో ఆయన అసలు పేరు రేషన్‌కార్డులో తప్ప ఇంకెక్కడా వినిపించదు. అందరికీ గ్రీన్‌కార్డు మామే. నిజానికి ఆ కార్డు డల్లాస్‌లో ఉన్న కొడుక్కి రావాలి. వాడికింకా రాలేదు గానీ పేరు మాత్రం తండ్రికి వచ్చేసింది.

గ్రీన్‌కార్డు వరస ఏ తేదీ దాకా వచ్చిందో చెబుతూ అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్ వదులుతుంది. అది వచ్చే రోజుల్లో మామకు చెరుకు తోట నీళ్లు గుర్తుండవు.

"ఏం మామా, డేటు జరిగిందా?"

"వెనక్కి జరిగింది రా."

"తేదీ యాడన్నా వెనక్కి పోతుందా?"

"రిట్రోగ్రెషన్!" అంటాడు మామ, టీ గ్లాసు కింద పెట్టి. ఇక ఆపడం కష్టం. 1990 చట్టం, ఉద్యోగాల కోటాలో ఏడాదికి 1,40,000 కార్డులు, ఏ దేశానికైనా మించకూడని 7 శాతం. "ఐస్‌లాండుకూ అదే ఏడు, మనకూ అదే ఏడు. పెళ్లాం బిడ్డలూ ఆ లెక్కలోకే!" 2007 జులైలో అందరికీ తలుపు తెరిచి, వెంటనే మూసేస్తే, మనవాళ్లు గాంధీగిరీ అని వలసల శాఖ అధికారి ఆఫీసుకు పూలు పంపితే, ఆయన వాటిని సైనికుల ఆసుపత్రికి పంపించేశాడట. ఈ కథ చెప్పేటప్పుడు ఆ పూలు తన తోటలోనే కోసినంత బాధ మామకు.

అమెరికా సంబంధం వస్తే ఆడపిల్ల తండ్రులు జాతకం కన్నా ముందు మామకు చూపిస్తారు. పిల్లోడికి ఎకరాలెన్నని ఆయన అడగడు. ప్రయారిటీ డేటు, అంటే ఆ వరసలో చేరిన తేదీ, ఎప్పుడంటాడు. 2012 అంటే తాంబూలాలు పుచ్చుకోమంటాడు. 2021 అంటే దగ్గుతాడు. "కంపెనీ వేసిన ఐ-140 పాసయిందా? అయితే ఆరేండ్లు దాటినా హెచ్-1బీ పొడిగించుకోవచ్చులే" అని తనే ఓదారుస్తాడు.

ఒక మర్యాద ఉంది మామకు. అమెరికా ఫారాల జోలికి పోడు, "అది లాయరు పని" అంటాడు. ఆయన ప్రాక్టీసంతా ఈ పక్క కాగితాల్లోనే. ఇంట్లో పుట్టి ఎక్కడా నమోదుకాని బిడ్డలకు నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్టు, దానికి తోడు పుట్టుక ఎరిగిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు. ఫీజు ఒక కాఫీ.

మొన్న ఒక సాఫ్ట్‌వేరు పిల్లోడికి బొడ్డు కోసిన అవ్వనే సాక్షిగా పిలిపించాడు. స్టాంపు పేపరు చదివి వినిపించాడు: "1984 జూన్ 1న నా ఎదుట పుట్టినాడు."

"జూనేంది రా? వాడు పుట్టింది కనుమ పండగనాడు. పసువులకు పసుపు పూస్తా ఉంటే పిల్చకపోయినారు నన్ను."

"అవ్వా, బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు జూన్ ఒకటి వేసేసినాడు. మనూర్లో సగం మంది ఆ పొద్దే పుట్టినారు. పాస్‌పోర్టులోనూ అదే."

"అయితే అయ్యవార్నే వేలిముద్ర వెయ్యమను. కాణిపాకం సామి ఈ మండలంలోనే ఉండాడు. అబద్ధానికి నేను వెయ్యను."

అమెరికాకు స్టాంపు పేపరు చాలుగానీ అవ్వకు చాలదు మరి. ప్రమాణాల దేవుణ్ణి పక్కన పెట్టుకున్న ఊర్లో సాక్షుల కరువు ఇట్లాగే ఉంటుంది. మామ తల గోక్కుని, 'బడి రికార్డు ప్రకారం' అని ఒక ముక్క ఇరికించి, రెండుసార్లు చదివి వినిపించాక గానీ ఆమె బొటనవేలు సిరాకు తాకలేదు.

రెండో సాక్షి కోసం పిల్లోడి తండ్రిని పంపుతూ మామ గట్టిగా చెప్పాడు: "ఈసారి కొంచెం మతిమరుపు మనిషిని చూడు నాయనా."