బేస్‌మెంట్‌కి స్కాండినేవియన్ కళ: ఒళ్లు అలవకుండా ఎనిమిది చిట్కాలు

న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో ఇల్లు కొన్నారు. పైన అంతా సర్దుకున్నారు గానీ కింద బేస్‌మెంట్ ఇంకా అలాగే ఉంది: కాంక్రీటు గచ్చు, మూలన ఫర్నేసు, ట్రెడ్‌మిల్ మీద ఆరేసిన బట్టలు. వచ్చినవాళ్లందరూ మెట్ల దగ్గర నిలబడి "ఇంకా ఫినిష్ చేయించలేదాండీ?" అని అడిగి వెళ్తున్నారు. కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్ చూశాక మీకు అన్నం సయించడం లేదు. బెంగ పెట్టుకోకండి. స్కాండినేవియన్ శైలి ఉన్నదే మీలాంటివాళ్ల కోసం. సామాను తక్కువ, రంగులు తక్కువ, ఆర్భాటం తక్కువ అన్నది దాని సూత్రం. మనం ఎగ్గొట్టిన పనులకు ఇంత గౌరవమైన పేరు మరే శైలిలోనూ దొరకదు.

1. చెమ్మ జోలికి వెళ్లకండి. గోడ అడుగున తెల్లటి ఉప్పు పొర కనిపిస్తుంది. బయటి మట్టిలోని నీరు కాంక్రీటులోంచి ఊరి, ఆరిపోయి, ఆ ఉప్పును వదిలిపెట్టిందన్నమాట. కంగారు మనుషులు అది చూడగానే గట్టర్లు బాగుచేయిస్తారు. ఇంటి చుట్టూ మట్టిని బయటికి వాలుగా సర్దిస్తారు. నాలుగు పెద్ద వానలు పడి గోడ పొడిగా ఉందని తేలాకే రంగు డబ్బా మూత తీస్తారు. మీకంత ఓపిక అక్కర్లేదు. ఉప్పూ తెలుపే, వేయబోయే రంగూ తెలుపే. చీపురుతో ఒకసారి దులిపి పని మొదలుపెట్టండి.

2. ఒక్క కోటు చాలు. డిసెంబరులో స్టాక్‌హోంలో పగలు ఆరు గంటలే ఉంటుంది. కిటికీలోంచి వచ్చే ఆ కాస్త వెలుతురూ గదంతా పరుచుకోవాలని అక్కడివాళ్లు గోడలకు తెలుపు వేసుకుంటారు. మన బేస్‌మెంట్ కిటికీ జానెడు, దాని ముందు పొద. వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందని ఆలోచిస్తూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది. ప్రైమర్ మానేయండి. సోఫా వెనక, టీవీ వెనక, తలుపు వెనక గోడకు రంగు వేయకండి. ఆదివారం మధ్యాహ్నం సినిమా మొదలయ్యేలోపు పని అయిపోతుంది. పెచ్చులు లేవడం మొదలుపెడితే "పాతబడిన లుక్ కావాలని అలా చేయించాం" అని చెప్పండి. అడిగినవాళ్లు తల ఊపుతారు.

3. దీపం ఒకటే, అదీ నడినెత్తిన. డెన్మార్క్‌కి చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ 1958లో పీహెచ్5 అనే దీపం చేశాడు. ఏ వైపు నుంచి చూసినా బల్బు కంటికి సూటిగా తగలకుండా రేకుల మీద రేకులు అమర్చాడు. అక్కడి ఇళ్లలో ఒక్కో మూలకీ ఒక్కో చిన్న దీపం, అదీ తక్కువ ఎత్తులో, పసుపు వెలుగుతో ఉంటుంది. అన్ని దీపాలుంటే పడుకునేముందు అన్ని స్విచ్చులూ ఆర్పాలి. ఆ శ్రమ మనకొద్దు. సీలింగుకి 6500 కెల్విన్ ఎల్‌ఈడీ ప్యానెల్ ఒకటి బిగించండి. అందరి మొహాలూ నీలంగా కనిపిస్తాయి, చుట్టాలు పెందరాళే లేచి వెళ్తారు.

4. గచ్చు మీద నేరుగా లామినేట్ పరచండి. కింద వేయమనే ప్లాస్టిక్ షీటు ఎవరికీ కనపడదు. కనపడనిదానికి డబ్బు పెట్టకండి. కొన్నాళ్లకు పలకల అంచులు ఉబ్బి, నడిస్తే కిర్రుమంటాయి. "అసలైన చెక్క అలాగే ఉంటుంది" అనండి.

5. ఫర్నిచర్ విషయంలో తెలివి కావాలి. ఇంగ్వర్ కాంప్రాడ్ 1943లో స్వీడన్‌లో ఐకియా మొదలుపెట్టాడు. హైదరాబాద్‌లో 2018 ఆగస్టులో ఆ షాపు తెరిచాక మన చుట్టాలకు కూడా ధరలు తెలిసిపోయాయి. కాబట్టి ముందు స్టిక్కర్లు పీకేయండి. బిగించగా మిగిలిన మరలను డబ్బాలో వేసి "స్పేర్" అని రాసి పెట్టండి. షెల్ఫ్ ఊగితే గోడకు ఆనించండి, గోడ పట్టుకుంటుంది. హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీ మీకు నచ్చే ఉంటుంది. దాని సీటును దాదాపు 120 మీటర్ల కాగితపు తాడుతో చేత్తో అల్లుతారు. మీరు అలాంటిదే నకలు ఒకటి చవగ్గా కొని, మొట్టమొదట మామగారిని కూర్చోబెట్టండి. ఆ తర్వాత సీటు కుంగినా ఇంట్లో ఎవరూ నోరెత్తరు.

6. గాలి సంగతి గాలికే వదిలేయండి. బేస్‌మెంట్‌లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలంటారు. కొలిచే మీటరు కొనకపోతే ఆ గొడవే ఉండదు. డీహ్యూమిడిఫయర్ బకెట్ పారబోయడం రోజూ పని, ప్లగ్ తీసేయండి. వాసన వస్తే కొవ్వొత్తులు వెలిగించండి. డెన్మార్క్‌వాళ్లు చలికాలమంతా కొవ్వొత్తుల వెలుగులోనే హాయిగా గడుపుతారు, మీరూ అదే చేస్తున్నారు. గోడ మీద నల్లచుక్కలు కనపడగానే వాటి ముందు పెద్ద ఫ్రేము వేలాడదీయండి. చుక్కలు ఫ్రేము దాటితే ఇంకా పెద్ద ఫ్రేము కొనండి. ఖర్చనుకోకండి, కళాపోషణ.

7. సామాను దాచడమే అసలు విద్య. సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, బొమ్మల కొలువు బొమ్మలు, ఎందుకైనా పనికొస్తాయని దాచిన అట్టపెట్టెలు, అన్నీ ఒకే గోడకు చేర్చి ముందు తెల్ల కర్టెన్ వేలాడదీయండి. కింద ఊరే నీటిని బయటికి తోడే సంప్ పంపు గుంతను కూడా జనపనార తివాచీతో కప్పేయండి. పని చేస్తోందో లేదో చూడటానికి మూత తీయాలంటే ముందు కాఫీ టేబుల్ జరపాలి, అందుకని ఎవరూ చూడరు. బరువైన పెట్టెలు అడుగున పెట్టండి. పెళ్లి ఆల్బం ఉన్న పెట్టె నేలకు ఆనుకుని ఉంటే మరీ మంచిది. ఒక మార్చి వాన తర్వాత దాన్ని తెరిస్తే పేజీలన్నీ ఒకే దిమ్మగా అతుక్కుని ఉంటాయి. గట్టిగా లాగితే తలంబ్రాల ఫొటోలోంచి పురోహితుడు ఊడి అప్పగింతల పేజీకి అంటుకుంటాడు. ఇకమీదట వచ్చినవాళ్లందరికీ ఆల్బం చూపించే పని తప్పుతుంది.

8. కౌంటీ పర్మిట్ జోలికి అసలే పోకండి. పడకగది అంటే బయటికి దూకగలిగేంత కిటికీ ఉండాలని చాలా చోట్ల నిబంధన: తెరిస్తే కనీసం 5.7 చదరపు అడుగుల ఖాళీ, కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించని ఎత్తు. గోడ కోయించే బదులు గదికి "స్టడీ" అని పేరు పెట్టి, అందులో క్వీన్ సైజు మంచం వేయండి. ఊరి నుంచి అత్తగారు ఆరు నెలలకు వచ్చినప్పుడు "కింద చల్లగా ఉంటుంది అత్తయ్యా" అంటూ మెట్లు దింపండి. మూడో వారానికల్లా ఆవిడ దగ్గుతూ పైకి వచ్చి మీ గది అడుగుతారు. అప్పుడు కింద మీరు పడుకోవచ్చు.

ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ తివాచీ ఎత్తుతాడు, ఫ్రేము దించుతాడు, పర్మిట్ అడుగుతాడు, ధరలో పెద్ద కోత వేయిస్తాడు. ఆ రోజు ఉదయమే సీలింగ్ ప్యానెల్ ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి. మెట్ల మీద ఆయన టార్చి వేస్తే "జాగ్రత్త అండీ, గచ్చు కొంచెం తడిగా ఉంది" అని మాత్రం తప్పకుండా చెప్పండి.