పాయింటుకింత పుణ్యం

పూర్వం పుణ్యం కావాలంటే చలివేంద్రం పెట్టాలి, సత్రం కట్టించాలి. ఇప్పుడంత ఖర్చక్కర్లేదు. అరసవల్లి గుడి ముందు చెప్పులు విడిచే చోట ఒక సెల్ఫీ దిగి గూగుల్ మ్యాప్‌లోకి ఎక్కిస్తే లోకోపకారం జరిగిపోయినట్టే. ఫోటోకి 5 పాయింట్లు, సమీక్షకి 10, కొత్త చోటు చేరిస్తే 15. లక్ష పోగేస్తే పదో లెవెల్. ఆపైన మెట్లు లేవు, ఇక వైకుంఠమే.

2015లో గూగుల్ మొదలెట్టిన ఈ పథకం పేరు ‘లోకల్ గైడ్స్’. తొలి రోజుల్లో నాలుగో లెవెల్ చేరినవాళ్లకి ఒక టెరాబైట్ నిల్వ ఉచితంగా ఇచ్చేవారు. తర్వాత అదీ పోయింది, పేరు పక్కన బిళ్ల మిగిలింది. బిళ్లకే ఇంత సేవ చేస్తున్నారంటే జీతమిస్తే ఏం చేసేవారో!

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇలాంటి గైడ్లకి కొదవ లేదు. హైవే పక్క దాబాలో బిర్యానీ ప్లేటు ఒక్కటే, ఫోటోలు మాత్రం పాతిక. ప్లేటు వచ్చినప్పుడొకటి, సగం తిన్నాక ఒకటి, ఎముకలు మిగిలాక మరొకటి. దాబా ఏ రోజు సెలవో, రాత్రి ఎన్నింటికి కట్టేస్తారో ఎవరూ రాయరు. సమీక్ష అంటారా, ‘గుడ్’. బ్యాంకుకీ గుడ్డే, పోలీస్ స్టేషన్‌కీ గుడ్డే. పోస్టుమార్టం గదికి కూడా ఐదు నక్షత్రాలిచ్చి ‘సర్వీస్ బాగుంది’ అని రాయగల ఉదారులు. ఎవరికి బాగుందో అడగకండి.

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. జనం ఇసకేస్తే రాలరు. ఆ రోజు మన గైడు సిరిమాను ఫోటోలు వందల్లో ఎక్కిస్తాడు, అన్నిట్లోనూ ముందువాడి తలకాయే. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడికి కావలసింది వేరు: బస్సులెక్కడ ఆపేస్తున్నారు, మంచినీళ్లెక్కడ దొరుకుతాయి, పిల్ల తప్పిపోతే ఎవరికి చెప్పాలి. ఇవి చెప్పడానికి పాన్‌కొట్టు ముసలమ్మ ఉంది. “అలా ఎల్లకు బావూ, దారి కట్టేసినారు. మూడు లాంతర్ల కాడికొచ్చి ఎడంపక్కకి తిరుగు.” మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో పడగొట్టినా జనం నోట ఆ పేరు పడిపోలేదు. ముసలమ్మకి లెవెల్ లేదు, నక్షత్రాలూ లేవు. ఆవిడ చెప్పిన దారి తప్పిందన్నవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు.

మరి మార్పులు, చేర్పులో? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత అడ్రసులు సరిచేసే పని కావలసినంత. కానీ పాత జిల్లా పేరు కొట్టేసి కొత్తది రాస్తే ఎవడు లైకు కొడతాడు? శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఊరు దగ్గరే అనుకుని రాత్రి రైలు దిగినవాడికి పట్నంలోకి వెళ్లే ఆఖరి బస్సు ఎన్నింటికో తెలియాలి. గైడు మాత్రం ప్లాట్‌ఫారం బోర్డు పక్కన నిలబడి రెండు వేళ్లు చూపిస్తూ ఫోటో పెట్టాడు. ఆ రెండు వేళ్లు రెండు గంటలకనుకోవాలా?

ఇంతా చేస్తే ఈ సేవ ఫలం ఎవరి గాదెలోకి పోతోంది? 2008లో ఇదే గూగుల్ ‘మ్యాప్ మేకర్’ అని పెట్టింది. దాని వెనకున్నవాడు మన కాట్రగడ్డ లలితేష్. నిజం చెప్పాలంటే అది మంచి ఆలోచన. పటంలో ఖాళీగా ఉన్న ఊళ్లలో జనమే కూర్చుని వీధులు గీశారు, చెరువులు పెట్టారు. 2017 మార్చిలో కంపెనీ దాన్ని మూసేసింది. గీసినవాళ్లు ఇళ్లకెళ్లిపోయారు, గీతలు కంపెనీలో ఉండిపోయాయి. 2004 నుంచీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఇంకోటుంది. అందులో గీసింది ఎవడైనా తీసుకోవచ్చు, వాడుకోవచ్చు. అక్కడ పాయింట్లివ్వరు. అందుకే మన పరోపకారి ఆ ఛాయలకి పోడు.

సరే, అసలు అవసరమున్న చోటు ఒకటి చూద్దాం. సాలూరు పైన కొండల్లో కొటియా పల్లెలు ఇరవయ్యొకటి. మావంటే మావని ఆంధ్రా, ఒడిశా ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకున్నాయి. రెండు ప్రభుత్వాలూ పోటీపడి బోర్డులు పాతిన నేల అది. సీతంపేట, పాచిపెంట కొండల మీద ఇంకా ఎన్నో గూడేలు. అక్కణ్ణుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తారు. 108 బండి ఎందాకా ఎక్కగలదు, డోలీ ఎక్కడ దింపితే బండి అందుతుంది, వానొస్తే ఏ గెడ్డ దాటనివ్వదు. ఈ నాలుగు ముక్కలు పటం మీద ఉంటే ఒక ప్రాణానికి పనికొస్తాయి.

మా ఏడో లెవెల్ గైడు గారిని అదే అడిగాను. “ఒక్క ఆదివారం ఆ కొండెక్కి, ఆ దారులు చేర్చకూడదూ?”

ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే అన్నారు: “రోడ్డు చేరిస్తే పదిహేను పాయింట్లు వచ్చే మాట నిజమేనండీ. మరి అక్కడ రోడ్డుంటేగా చేర్చడానికి!”