ఆవకాయ గ్యాలరీ

మా న్యూజెర్సీకి మా మీద ఉన్నంత ప్రేమ కన్నతల్లికి కూడా ఉండదు. మన చేత్తో మనం బండిలో పెట్రోలు పోసుకుంటే ఎక్కడ తగలబడిపోతామోనని 1949లోనే చట్టం చేసి, ఆ పని బంకు కుర్రాడికి అప్పగించింది. 2023 దాకా దేశం మొత్తంలో ఈ గారాబం మాకూ, ఆరెగాన్ వాళ్లకీ మాత్రమే దక్కింది. మిగతా రాష్ట్రాల వాళ్లు గడ్డకట్టే చలిలో కిందికి దిగి గొట్టం పట్టుకుని నిలబడతారు. మేం మాత్రం అద్దం రెండంగుళాలు దించి, కార్డు బయటికి చాపి, మళ్లీ అద్దం ఎత్తేసుకుంటాం. పోయినసారి నాన్న వచ్చినప్పుడు ఈ వైభోగం గర్వంగా చూపిస్తే, "ఇందులో వింతేముందిరా, మన తెనాల్లోనూ అంతేగా" అని తీసిపారేశారు.

ఆ ప్రేమ 2014 మార్చిలో ఒక మంగళవారం కట్టలు తెంచుకుంది. మోటారు వాహనాల కమిషన్ వారు కూర్చుని, కొత్త కారు అమ్మేవాడి చేతిలో తయారీ కంపెనీ ఇచ్చిన ఫ్రాంచైజీ కాగితం ఉండి తీరాలని తేల్చేశారు. చేసినవాడే అమ్ముతానంటే చెల్లదు. తన బళ్లు తనే అమ్ముకునే టెస్లా వాడికి అప్పటికి మా రాష్ట్రంలో ఉన్నవే రెండు షాపులు. పరామస్‌లో గార్డెన్ స్టేట్ ప్లాజాలో ఒకటి, షార్ట్ హిల్స్ మాల్లో ఒకటి. ఏప్రిల్ 1 నుంచి అవి షాపులు కావన్నారు, గ్యాలరీలన్నారు. వెళ్లి బండి చూసుకోవచ్చు, కొనుక్కోవడానికి మాత్రం లేదన్నారు. అంతగా కావాలంటే అటు నది దాటి మన్‌హాటన్ పోవాలి, లేదా ఇటు పెన్సిల్వేనియాలో కింగ్ ఆఫ్ ప్రష్యా పోవాలన్నమాట. టెక్సస్‌లో ఇలాంటి గ్యాలరీలు అప్పటికే ఉన్నాయి. అప్పట్లో అక్కడి ఉద్యోగి బండి ధర నోటితో చెప్పకూడదు, ఒక చుట్టు తిప్పి చూపించకూడదు. 70 వేల డాలర్ల బండి పక్కన పొద్దస్తమానం నిలబడి ఆ కుర్రాడు ఏం మాట్లాడాలి? బయట మంచు పడుతోందా అని అడగాలి కాబోలు. టెక్సస్‌లో అదీ అరుదే.

ఇదంతా ఎందుకయ్యా అంటే, వినియోగదారుడి రక్షణ కోసం. చేసినవాడే అమ్మితే పోటీ ఎక్కడిది, ధర తగ్గేదెలా? బండిలో లోపం ఉంటే తన లోపం తనే ఒప్పుకుంటాడా? కొనేవాడి తరఫున మాట్లాడటానికి మధ్యలో ఒక పెద్దమనిషి ఉండాలి కదా! డీలర్ల సంఘం వాదన సారాంశం ఇదే. కమిషన్ వారికి నచ్చింది. నాకూ నచ్చింది. నచ్చబట్టే నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా వంటింట్లో ఇంతకంటే ఘోరం జరుగుతోంది.

అప్పటికి అమ్మ తెనాలి నుంచి వచ్చి నెలయింది. ఆ గురువారం ఆవకాయ పెట్టింది. ఓక్ ట్రీ రోడ్డు మీద కొట్టుకొట్టూ తిరిగి, ఏ దేశంలో కాశాయో తెలీని పచ్చికాయలు ఏరి తెచ్చింది. "టెంక ముదరలేదు, పులుపు చాలదు, ఈ కాయల్తో పెట్టానని మన ఊళ్లో ఎవరికీ చెప్పకు" అని నా దగ్గర మాట తీసుకుంది. కారం, ఆవపిండి పెట్టెలో తనే మోసుకొచ్చింది. ముక్కలు తుడిచి, ఆరబెట్టి, కలిపి, జాడీకి వాసెన కట్టి, తడి చెయ్యి ఎవరైనా పెట్టారో చూసుకోండని అందరికీ వార్నింగు ఇచ్చింది. శనివారం మూడో రోజు. తిరగకలిపి, బేసిన్లో వేడన్నం వేసి కలిపి, తలా ఒక ముద్ద పెట్టాలని ఆవిడ పథకం.

చట్టానికి లోబడిన పౌరుడిగా నేను ముందురోజే అడ్డం పడ్డాను.

"అమ్మా, ఈ ఆవకాయ చేసిందెవరు?"

"నేనేరా."

"ముద్ద కలిపి పెట్టేదెవరు?"

"నేనే. ఏం, ఒంట్లో బాగాలేదా?"

"అదే కూడదు. చేసినవాళ్లే పెడితే తినేవాళ్లకి రక్షణ ఏది?"

అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

అప్పటికప్పుడు మా బావమరిదిని డీలరుగా నియమించాను. రెండు వీధుల అవతలే ఉంటాడు. అతనికి ఆవకాయ పెట్టడం రాదు, ఎన్నడూ పెట్టలేదు, ఇకముందు పెట్టే ఉద్దేశమూ లేదు. ఇంతకంటే అర్హత ఏం కావాలి? వంటిల్లు గ్యాలరీ అని ప్రకటించాం. షరతులు కాగితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటించాను. అమ్మ జాడీ పక్కన నిలబడవచ్చు. ఇది ఆవకాయ అని చెప్పవచ్చు. కారం ఎంత, ఉప్పు ఎంత అన్నది చెప్పరాదు. చెంచా చివర ముంచి ఎవరి నాలిక్కీ రాయరాదు, అది టెస్ట్ డ్రైవు కిందికి వస్తుంది.

మా ఏడేళ్ల పిల్ల వచ్చి జాడీ వైపు చూసింది. "నానమ్మా, కారంగా ఉంటుందా?"

అమ్మ నావైపు చూసింది. నేను ఫ్రిజ్జువైపు చూశాను. "ఆ సంగతి మీ మావయ్యని అడగాలంటమ్మా."

"మావయ్య ఎప్పుడొస్తాడు?"

"ఆదివారం మాత్రం రాడు" అన్నాను. ఆదివారం కార్లు అమ్మకూడదని కూడా మా రాష్ట్రంలో చట్టముంది.

శనివారం పొద్దున్నే బావమరిది టై కట్టుకుని దిగాడు. జాడీని వంటింటి గట్టు మీది నుంచి భోజనాల బల్ల మీదికి మార్చాడు. ఎనిమిదడుగుల దూరం. దానికి రవాణా చార్జీ వేశాడు. ధర ఎంత అన్నాను. భుజం మీద చెయ్యి వేశాడు.

"ధరదేముంది బావా, అది తర్వాత. ముందు నెలకి ఎంత కట్టగలవో చెప్పు."

"నాకు ఒక్క ముద్ద చాలు."

"ఉండు, మేనేజర్ని అడిగొస్తా" అని హాల్లోకి వెళ్లి, గోడకి ఆనుకుని పది నిమిషాలు ఫోను చూసుకుని, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. "ఒప్పుకోవడం లేదు బావా. నీకోసం నా ఉద్యోగం పోయేంత గొడవ పడ్డాను." మేనేజరు ఎవరయ్యా అంటే వాళ్లక్కట. అంటే మా ఆవిడ. ఆవిడ ఆ పది నిమిషాలూ పైన మేడమీద బట్టలు మడతపెడుతోంది.

పాత మాగాయ ఉంది, అది తీసుకుని ఎంతో కొంత తగ్గించమన్నాను. సీసా మూత తీసి వాసన చూసి, "దీనికి మార్కెట్ లేదు బావా, ఉంచుకో" అన్నాడు. తర్వాత జేబులోంచి జాబితా తీశాడు. మొదటిది, ఆవకాయ పాడవకుండా పైన ప్రత్యేకమైన నూనె పూత.

"ఇప్పటికే రెండంగుళాలు నూనె తేలుతోంది కదయ్యా!"

"అది ఫ్యాక్టరీ నూనె. ఇది డీలరు నూనె."

రెండోది, బూజు పట్టకుండా ఐదేళ్ల పొడిగింపు వారంటీ. మా అమ్మ పెట్టిన ఆవకాయకి నలభై ఏళ్లలో బూజు పట్టలేదన్నాను. "అందుకేగా ఇంత ధైర్యంగా ఇస్తున్నాను" అన్నాడు. మూడోది డాక్యుమెంట్ ఫీజు. అంటే 'ఆవకాయ' అని కాగితం మీద రాసినందుకు. అది అందరికీ ఒకటేనట, తగ్గించడానికి లేదట.

ఈ గొడవకి మా ఆవిడ కిందికి దిగొచ్చి, ఒక పసుపు రంగు కాగితం మీద 'ఒక ముద్ద, ఉచితం' అని రాసి జాడీకి అంటించింది. ఆవిడకి తెలీకుండానే ఆవిడ ఫెడరల్ చట్టాన్ని అమలు చేసింది. కొత్త కారు అద్దానికి కంపెనీ సూచించిన ధర కాగితం అంటించి ఉంటుంది చూడండి, అది 1958లో ఓక్లహామా సెనేటర్ మైక్ మన్రోనీ తెచ్చిన చట్టం పుణ్యం. అంతకుముందు ఏ బండి అసలు ధర ఎంతో కొనేవాడికి తెలిసేది కాదు. డీలరు నోటికొచ్చిందే ధర. ఆ నోటి నుంచి జనాన్ని కాపాడటానికి వాషింగ్టన్ చట్టం చేయాల్సొచ్చింది. 56 ఏళ్ల తర్వాత 2014లో అదే నోటిని మాకు రక్షణగా నియమించారు.

డీలర్ల వైపు న్యాయం బొత్తిగా లేదనను. ఒకప్పుడు డెట్రాయిట్ కంపెనీలు అడక్కపోయినా బళ్లు దింపి, అమ్ముతావా డీలరుషిప్పు వదులుకుంటావా అని చిన్న డీలర్ల పీక మీద కూర్చునేవి. ఆ డీలరు కోర్టుకెక్కడానికి 1956లో కేంద్రం ఒక చట్టం చేసింది. రాష్ట్రాలూ తమ చట్టాలు తాము చేసుకున్నాయి. ఊళ్లో డీలరు అప్పులు చేసి కొట్టు పెట్టి, జనాన్ని అలవాటు చేశాక, కంపెనీ వచ్చి ఎదురుగా తన కొట్టు తెరవకూడదు. సబబైన మాటే. కట్టుకున్నదాన్ని వీధిలో వదిలి పక్కింట్లో కాపురం పెట్టకు అని చెప్పడం లాంటిది. కానీ టెస్లా వాడికి ఇంకా పెళ్లే కాలేదే! వాడికి ఏ ఊళ్లోనూ డీలరు లేడు. బ్రహ్మచారిని పట్టుకుని, నీ పెళ్లానికి అన్యాయం చేస్తున్నావు, అది రుజువు చేయడానికి ముందు నువ్వు పెళ్లి చేసుకో అంటే ఏమనాలి? పిల్లని కూడా సంఘం వాళ్లే చూస్తారన్నమాట.

టెస్లా అధినేత ఎలాన్ మస్క్ ఆ శుక్రవారం మా రాష్ట్ర ప్రజలకి ఒక ఉత్తరం రాస్తూ, ఈ 'రక్షణ' అనే మాటని మాఫియా వాళ్లు ఏ అర్థంలో వాడతారో గుర్తుచేశాడు. న్యూజెర్సీలో ఉండేవాడికి అది విడమరిచి చెప్పక్కర్లేదు. శాసనసభలో ఓటింగు లేకుండా ఒక కమిషన్ బల్ల దగ్గర పని ముగించేశారు. అంతకుముందు 2013 సెప్టెంబర్లో ఫోర్ట్ లీ దగ్గర వంతెనెక్కే మూడు వరసల్లో రెండు మూయించి ఊరు ఊరంతా రోడ్డు మీద నిలబెట్టింది కూడా అప్పటి గవర్నరు క్రిస్టీ గారి మనుషులే. మూయడంలో వాళ్లకి మంచి అనుభవం ఉంది.

మధ్యాహ్నం పన్నెండయింది. డీలరు ఇంకా నా జీతం చీటీలు అడుగుతున్నాడు. పిల్ల కంచం పట్టుకుని నిలబడి ఉంది. అమ్మ లేచింది. మాట్లాడకుండా జాడీని బల్ల మీది నుంచి గట్టు మీదికి లాక్కుంది. వాసెన విప్పింది. ఘాటు గుప్పుమని హాలు దాకా వచ్చింది. పొడి చెయ్యి అడుగుదాకా దింపి కిందిది పైకి, పైది కిందికి తిరగకలిపింది. కొంచెం బేసిన్లోకి తీసి, పొగలు కక్కే అన్నం వేసి, నాలుగు చుక్కలు నెయ్యి వేసి, చెయ్యి కాలుతున్నా ఊదుకుంటూ కలిపింది. మొదటి ముద్ద పిల్లకి. రెండోది డీలరుకి. అతను టై భుజం మీదికి విసురుకుని చెయ్యి చాపాడు.

"పిలువు ఆ కమిషన్ వాళ్లని" అంది నాతో. "వాళ్లకీ తలో ముద్ద పెడతా."

నేను మాత్రం ఆ ముద్ద తింటూ 14 ఏళ్ల వెనక్కి పోయాను. ఆ వెనక్కిపోవడంలో నవ్వు పోయింది.

ఈ దేశానికి వచ్చిన నాలుగో వారం. హెచ్1బి వీసా, చేతిలో రెండు జీతాలు, క్రెడిట్ హిస్టరీ సున్నా. హైవే పక్కన ఒక డీలరు దగ్గరికి పొద్దున పదకొండుకి వెళ్లాను. నా లైసెన్సు కాపీ తీసుకొస్తామని పట్టుకెళ్లి సాయంత్రం ఐదు దాకా ఇవ్వలేదు. మేనేజరు ఒప్పుకోలేదన్నారు. మళ్లీ వెళ్లారు, మళ్లీ ఒప్పుకోలేదన్నారు. చివరికి కిటికీ లేని చిన్న గదిలో కూర్చోబెట్టి, బయట అద్దం మీద కనపడిన ధరకి నాలుగు వరసలు కలిపి కాగితం నా ముందుకి తోశారు. వడ్డీ ఎంతో వేలు పెట్టి చూపించలేదు, నెలకి ఎంతో చూపించారు. వద్దు అనవచ్చని నాకు తెలీదు. మన ఊళ్లో పెద్దవాళ్లు టై కట్టుకుని కాగితం ఇస్తే సంతకం పెట్టడమే నాకు తెలుసు. నాలాంటి వాళ్లు ఈ రాష్ట్రంలో వేలమంది ఆ గదిలో కూర్చుని లేచారు. మాలో ఒక్కడి కోసం కూడా ఏ కమిషనూ మంగళవారం నాడు సమావేశం కాలేదు. ఆ బల్ల అవతల కూర్చున్నాయనే నాకు రక్షకుడట. నా పేరు చెప్పి వేరేవాడి కొట్టు మూయిస్తాడట. నా పేరు వాడుకునే హక్కు ఆయనకి ఎవరిచ్చారు?

టెస్లా వాడు నాకు మేనత్త కొడుకేం కాదు. ఆ బండి కొనే తాహతూ నాకు లేదు. వాడు నా పీక మీద కూర్చుంటే వాడి మీదా రాస్తాను. కానీ ధర గోడ మీద రాసిపెట్టి, అందరికీ అదే ధరకి అమ్ముతానన్నవాణ్ణి ధర చెప్పకు పొమ్మనడం నాకు రక్షణ అంటే మాత్రం ఒప్పుకోను.

ఆ రోజు కలిపిన నాలుగు వరసల్లో మూడోదాని పేరు 'పెయింట్ ప్రొటెక్షన్'. 600 డాలర్లు. ఈ రాష్ట్రంలో నాకు దొరికిన రక్షణ ఇప్పటిదాకా అదొక్కటే. మూడో ఏటికి బానెట్ మీద రంగు పెచ్చులూడింది. ఆ కాగితాల ఫైలు ఇంకా గరాజులో అట్టపెట్టెలో ఉంది. కమిషన్ వారికి కావాలంటే తెచ్చి ఇస్తాను. డాక్యుమెంట్ ఫీజు కూడా తీసుకోను.