నేను దాచుకున్న ఫాస్ఫేట్

ఈ ఇంట్లో తొట్టె అద్దాలకు పాచి పడితే ముందు లైటును అనుమానిస్తారు, తర్వాత చేపల్ని, ఆ తర్వాత మేత డబ్బాను. నా వైపు చూసేవాళ్లు తక్కువ. రాయిని కదా, ఉన్నచోటే ఉంటాను. కానీ డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఒక తెలుగువారింటి హాల్లో ఉన్న ఈ 75 గ్యాలన్ల పగడాల తొట్టెలో చేపలు తిన్నదీ, తినక వదిలేసిందీ చివరకు చేరేది నా దగ్గరికే. ఈ నీళ్ల కథ నేను చెప్పాల్సిందే.

నేను ఫ్లోరిడా సున్నపురాయిని. ఆ నేల ఒకప్పుడు సముద్రపు అడుగు. గవ్వలూ నత్తగుల్లలూ పగడాల పెంకులూ పేరుకుని, గట్టిపడి నేనయ్యాను. యుగాల తరబడి పొడినేల కింద ఉన్నాక క్వారీలో తవ్వి తీశారు. పడవకెత్తి మళ్లీ మెక్సికో గల్ఫ్ నీళ్లలో దింపారు. అక్వేరియంల కోసం సముద్రంలోని రాళ్లను పెకలించుకుపోతుంటే అక్కడి జీవాలకు గూడు లేకుండా పోతోందని 1990లలో ఫ్లోరిడా చుట్టూ ఆ పనిని ఆపేశారు. అప్పటినుంచి కొందరు సముద్రగర్భాన్ని లీజుకు తీసుకుని, నాలాంటి క్వారీ రాళ్లను పరిచి, జీవం పట్టాక తీసి అమ్ముతున్నారు. ఎవరి గూడూ చెదరగొట్టకుండా ఇక్కడికి వచ్చానన్నది నాకు తృప్తి.

నీటి అడుగున కొన్నేళ్లుంటే రాయి రాయిలా ఉండదు. నా మీద స్పాంజీలు అల్లుకున్నాయి, గొట్టపు పురుగులు ఇళ్లు కట్టుకున్నాయి, గులాబీ రంగు సున్నపు నాచు గోరంత మచ్చలుగా మొదలై ఒళ్లంతా పరుచుకుంది. కంటికి కనపడనివాళ్లు ఇంకా ఎక్కువ. నా ఒంటి మీద, రంధ్రాల్లోని బాక్టీరియాతో సహా కాపురమున్న ఈ జీవాలన్నిటి వల్లే నాకు లైవ్ రాక్ అన్న పేరు దక్కింది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, పెద్ద యంత్రాలేవీ లేకుండా ఇలాంటి రాళ్లతో, గాలిబుడగలతో సముద్రపు తొట్టెను నడపొచ్చని రాశాడు. మా జాతికి ఇళ్లలోకి దారి వేసినవాళ్లలో ఆయన ఒకడు.

నా లోపల జరిగేది కాస్త వివరంగా చెప్తాను, మిగతా కథంతా దాని మీదే నిలబడింది. చేప రెట్ట నుంచి, కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. నా పైపొరలో ఆక్సిజన్ బాగా ఆడే చోట ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఇంకా లోతుకు, ఆక్సిజన్ చేరని సందుల్లోకి వెళ్తే వేరే బాక్టీరియా ఆ నైట్రేట్‌ను విడగొట్టి నైట్రోజన్ వాయువుగా చేస్తుంది. అది నీళ్లు దాటి గాలిలో కలిసిపోతుంది. అంటే నైట్రోజన్‌కు ఈ తొట్టెలోంచి బయటికి ఒక తలుపుంది. అదే మేతతో వచ్చే, నాచుకు తిండి అయ్యే ఫాస్ఫేట్‌కు ఆ తలుపు లేదు. అది ఆవిరి కాదు, వాయువూ కాదు. చేత్తో తీసి పారేస్తే తప్ప ఇంట్లోనే ఉంటుంది. పైగా దానికి సున్నమంటే ఇష్టం. నీళ్లలో ఎక్కువైతే వచ్చి నా ఒంటికి అంటుకుంటుంది, తగ్గితే వదిలి మళ్లీ నీళ్లలోకి దిగుతుంది.

పోయిన వేసవిలో ఇంటాయన తల్లి కాకినాడ నుంచి వచ్చింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆవిడకు తోడు మేమే. తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. క్లౌన్‌ఫిష్ అద్దం దగ్గరికి వచ్చి నోరు ఆడించేసరికి ఆవిడ మనసు ఆగేది కాదు.

"ఏవిట్రా, పొద్దుట్నుంచీ వీటికి ఏవీ పెట్టలేదా? నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి, పాపం."

"పొద్దున్నే పెట్టానమ్మా. అవి ఎప్పుడు చూసినా అంతే."

కొడుకు ఆఫీసుకు వెళ్లాక ఇంకో చిటికెడు పడేది. ఆ చేతిలో ప్రేమే తప్ప ఇంకేమీ లేదు. ఆ చిటికెళ్లన్నీ నా రంధ్రాల్లోకి వచ్చాయి.

కొన్ని వారాలకు నా నెత్తిన పచ్చటి వెంట్రుకల నాచు మొలిచింది. మొదట నూగులా, తర్వాత వేలెడు పొడవున, పంపు వదిలే అలకు అటూ ఇటూ ఊగుతూ. టర్బో నత్త రాత్రిపూట దాని మీదుగా పాకితే వెనకాల వెడల్పాటి చార ఒకటి శుభ్రంగా తేలేది, అడుగునున్న నా గులాబీ రంగు బయటపడేది. తెల్లారేసరికి పక్కనున్న నాచు ఆ చార మీదికి ఒరిగేది. నత్తలు చేయగలిగింది చేశాయి. కానీ అవి తిన్నది కూడా రెట్టగా మళ్లీ ఈ నీళ్లలోనే పడుతుందన్నది గుర్తుంచుకోవాలి.

ఇంటాయన పరీక్ష చేస్తే ఫాస్ఫేట్ తక్కువే చూపించింది. "మరి నాచెందుకు నాన్నా ఇంతుంది?" అని కూతురు అడిగింది. నాకు నచ్చిన ప్రశ్న అది. నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టే నాచు తాగేస్తుంటే పరీక్షకు మిగిలేదేముంటుంది? నాచును చూడకుండా అంకెను మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది.

శనివారం వచ్చిందంటే నీళ్లు మార్చే పని. మా ఊరి కుళాయి నీళ్లలో క్లోరమిన్ ఉంటుంది. అందుకని గ్యారేజీలో ఆర్‌ఓ ఫిల్టరు, దాని వెనక డీఐ ఫిల్టరు పెట్టి, నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే ఆ నీళ్లు పట్టుకుంటారు. అందులో ఉప్పు పోసి, చిన్న పంపు, హీటరు వేసి ముందురోజే కలిపి ఉంచుతారు. లవణం వెయ్యికి 35 పాళ్లు ఉందో లేదో రిఫ్రాక్టోమీటరులో చూసుకుంటారు. రోజూ ఆవిరయ్యే నీటికి బదులు పోసేది మాత్రం ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే, ఉప్పు ఆవిరి కాదు కాబట్టి. నాచు పెరిగినప్పుడు నన్ను బయటికి తీయకుండానే, ఒక చేత్తో టూత్‌బ్రష్‌తో రుద్దుతూ, ఇంకో చేత్తో సైఫన్ గొట్టం పక్కనే పట్టుకునేవాడాయన. ఊడిన పోగు ఊడినట్టే బకెట్లోకి పోవాలి. తొట్టెలో వదిలేస్తే చచ్చి కరిగి మళ్లీ మేతవుతుంది. నీళ్లు మార్చడంలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

ఎందుకంటే మార్చిన నీళ్ల లెక్క వేరు. వారం వారం 10 శాతం మార్చుకుంటూ పోతే ఏడు వారాలకు గానీ పాత నీళ్లలో సగం పోవు. పరీక్షలో ఫాస్ఫేట్ లీటరుకు 0.25 మిల్లీగ్రాములు ఉందనుకోండి. 28 లీటర్లు తోడి పారబోస్తే పోయేది 7 మిల్లీగ్రాములు. ఒక్క గ్రాము ఎండు మేతలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. నేను దాచుకున్నది సరేసరి. శనివారం సాయంత్రం అంకె దిగేది, మంగళవారానికి మళ్లీ ఎక్కేది. కొత్త మేత వల్ల మాత్రమే కాదు, నేనూ వదులుతున్నాను. ఊరగాయ జాడీని ఒకసారి కడిగితే వాసన పోతుందా?

అలాగని నీళ్లు మార్చడం వృథా అనను. పగడాలు పెంకు కట్టుకోవడానికి వాడేసిన కాల్షియం, మెగ్నీషియం, ఇతర ఖనిజాలు కొత్త ఉప్పుతోనే కొంతైనా తిరిగొస్తాయి. ఫాస్ఫేట్ భారమంతా దాని మీద వేయకూడదంతే.

ఇంటాయన నెమ్మదైన దారి పట్టాడు. తల్లికి వారానికి సరిపడా మేతను చిన్న చిన్న డబ్బీల్లో విడివిడిగా సర్ది ఇచ్చాడు. "రోజుకొకటి నీ చేత్తోనే వెయ్యమ్మా" అన్నాడు. పెట్టే చెయ్యి ఆవిడదే, కొలత ఆయనది. తొట్టె కింద ఉండే సంప్ అనే చిన్న తొట్టెలో కీటోమార్ఫా అనే చిక్కు నాచును వేసి, పై లైట్లు ఆరాక దానికి లైటు వెలిగేలా పెట్టాడు. అక్కడ అది పెరిగితే కోసి పారేయొచ్చు, పోయిన ప్రతి గుప్పెడుతో కొంత నైట్రేటూ కొంత ఫాస్ఫేటూ ఇల్లు దాటుతాయి. నీళ్లలోని మలినాన్ని నురగగా లాగే స్కిమ్మరు కప్పులో పేరుకునే గోధుమరంగు నురగనూ వారానికి రెండు మూడుసార్లు ఒంపడం మొదలుపెట్టాడు. ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడాడు గానీ, చెప్పిన మోతాదులో సగం కంటే తక్కువతో మొదలుపెట్టాడు.

అలా తగ్గించి వాడటానికి కారణముంది. తెలిసినవాళ్ల తొట్టెలో నైట్రేటూ ఫాస్ఫేటూ రెండూ సున్నాకు దింపేశారు. పగడాలు పాలిపోయాయి. నాచు పోయిన చోట డైనోఫ్లాజెల్లేట్లు వచ్చాయి, బుడగలు చిక్కుకున్న గోధుమరంగు జిగురులా ఇసుకంతా కప్పేశాయి. అక్కడి నుంచి తెచ్చి నా భుజాన అంటించిన పగడం ముక్క రంగు తేలడానికి నెలలు పట్టింది. పగడం కణాల్లో ఉండే జూజాంథెల్లే కూడా నాచు కుటుంబానిదే, దానికీ తిండి కావాలి. లీటరుకు మిల్లీగ్రాముల్లో నైట్రేట్ 5 దగ్గర, ఫాస్ఫేట్ 0.03కు 0.1కు మధ్య ఉంటే ఇంటి తొట్టెలో పగడాలు సుఖంగా ఉంటాయని నా అనుభవం. అసలు పగడపు దిబ్బల దగ్గరి సముద్రంలో ఇవి ఇంకా చాలా తక్కువ. కానీ అక్కడ అల ఆగకుండా ప్లవకాలను మోసుకొస్తుంటుంది, ఇక్కడ ఆ అల లేదు.

పెద్దావిడ తిరిగి వెళ్లే ముందు, "విశాఖలో మీ అన్నయ్య వాళ్లింట్లో ఇలాంటిది పెట్టించరాదూ?" అంది. "అక్కడ పగడాలు పెంచుకోకూడదమ్మా. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న షెడ్యూల్ ఒకటిలోనే పగడాలూ ఉన్నాయి" అన్నాడు కొడుకు. ఆవిడ నన్ను, నా మీది పగడాన్ని కాసేపు చూసి, "మంచి పనే చేశారు" అంది.

ఇప్పుడు నా నెత్తిన వెంట్రుకల నాచు లేదు. నా ఫాస్ఫేట్ అంతా పోలేదు, ఇంకా కొంచెం కొంచెంగా వదులుతూనే ఉన్నాను, అంకె మాత్రం 0.08 దగ్గర నిలిచింది.

వచ్చే ఆదివారం నాకో కొత్త పని పడింది. ఇర్వింగ్‌లో ఉండే వాళ్ల స్నేహితుడొకాయన కొత్త తొట్టె పెడుతున్నాడు. నా కుడి కొసన పగడం లేని భాగాన్ని ఉలితో పగలగొట్టి, తడి కాగితాల్లో చుట్టి ఇస్తారట, బాక్టీరియా తోడుపెట్టడానికి. "ఈ ముక్కతో బాక్టీరియాతో పాటు మా ఫాస్ఫేట్ కూడా వస్తుంది అన్నయ్యా, మొదట్లో మేత తగ్గించి వెయ్యండి" అని ఫోన్లో ఇంటావిడ ఆయనకు ముందే చెప్పింది. వినగానే ఆయన టెస్ట్ కిట్ ఏది కొనాలని అడిగాడు.