చావని విలన్ కావలెను

మా ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో దొరకని వస్తువు లేదంటారు. పెళ్లిచీరలు, ప్రెషర్ కుక్కర్ గాస్కెట్లు, దేవుడి పటాలు, దొంగతాళాలు... అన్నీ ఉన్నాయి. ఇరవై ముఖాల పాచిక మాత్రం లేదు. ఆటసామాన్ల కొట్టాయన్ని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "రావణుడికే పది కదండీ, మీకు ఇరవై ఎందుకు?" అన్నాడు. చివరికి బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవలకొస్తూ ఒక గుడ్డసంచీ నిండా పాచికలు పట్టుకొచ్చాడు. పక్క క్వార్టర్ల పిల్లలందరినీ పోగేసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ నేర్పాడు. వాళ్లకి బాగా రుచి మరిగేసరికి సెలవలైపోయాయి. అబ్బాయి రైలెక్కాడు, ఆట నా నెత్తికెక్కింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో బయటికి తెచ్చిన ఆట. ఇందులో పావులు కదపడం కన్నా నోరు కదపడం ఎక్కువ. పిల్లలు తలా ఒక వీరుడి వేషం కడతారు. మిగతా లోకమంతా, అంటే రాజుగారు, పూటకూళ్లమ్మ, చెట్టుమీది దయ్యం, పైనుంచి పడే వాన, అన్నీ డంజన్ మాస్టర్ అనబడే ఒక్కడే. కత్తి తగిలిందో లేదో పాచిక చెబుతుంది. రైల్వేలో గుమాస్తాగా రిటైరైనవాడికి ఇంత అధికారం ఇంకెక్కడ దొరుకుతుంది?

అధికారం చేతికొచ్చాక మొదట కావలసింది విలన్. కాలకేతు అనే మహామాంత్రికుణ్ణి పెన్సిలూ రబ్బరూ అరిగేదాకా చెక్కాను. నల్లరాతి కోట, ఏడు ద్వారాలు, చేతిలో కపాలం, చిన్నతనంలో జరిగిన అన్యాయం, అందుకు పట్టిన పగ, అన్నీ ఇచ్చాను. ఆదివారం మధ్యాహ్నం, పిల్లలు మంచం మీద కొందరూ కింద కొందరూ సర్దుకున్నాక, కాలకేతు కపాలం పైకెత్తి "మూఢులారా!" అన్నాడు. ఆ "మూఢులారా" వెనక ఆయన చెప్పాల్సింది ఇంకా ఒకటిన్నర పేజీ ఉంది. ఈలోగా మా మేనకోడలు, బయట ఆరో క్లాసు, ఆటలో మంత్రగత్తె, "మావయ్యా, నిద్రమంత్రం వేస్తున్నా" అంది.

మేం ఆడే 2014 నాటి అయిదో కూర్పులో నిద్రమంత్రం సంగతి ఏమిటంటే, ఎనిమిది ముఖాల పాచికలు అయిదు వెయ్యాలి. అవతలివాడి ప్రాణబలం ఆ మొత్తానికి మించకపోతే వాడు గుర్రుపెట్టాల్సిందే. తప్పించుకునే పాచిక వాడికి లేదు. కాలకేతు బలం ఇరవై. అయిదు పాచికల్లో ఒకటి మంచం కిందికి దొర్లిపోయింది. ఇద్దరు బోర్లా పడుకుని, టార్చి వేసి చూసి "ఏడు!" అని అరిచారు. మొత్తం ఇరవై ఆరు. మా వీధి బెంగాలీ కుర్రాడు నమ్మలేక "కాకూ, ఘుమియే పొడ్లో?" అని అడిగాడు. అవును నాయనా, పడుకున్నాడు. కాళ్లూ చేతులూ కట్టేశారు. కపాలం తీసుకున్నారు, ఉంగరం తీసుకున్నారు, చెప్పులు కూడా తీసుకున్నారు. చెప్పులెందుకర్రా అంటే, "అమ్మితే డబ్బులొస్తాయి మావయ్యా" అన్నారు. గోల్‌బజార్ గాలి పీల్చిన పిల్లలు మరి.

ఇందులో పిల్లల తప్పు లేదు, కాలకేతుదీ లేదు. ఉన్నదంతా లెక్క. వీరులు అయిదుగురు, విలన్ ఒక్కడు. ఆయన ఒక దెబ్బ వేసేలోగా ఇటునుంచి అయిదు పడతాయి. మన సినిమాల్లో విలన్ డెన్‌లో గళ్ల లుంగీలు కట్టుకుని అంతమంది పనీపాటా లేకుండా పీపాల పక్కన ఎందుకు నిలబడి ఉంటారో ఆ రోజుదాకా నాకు బోధపడలేదు. వాళ్లు పీపాలకి కాపలా కాదు, లెక్కకి కాపలా. ఈ ఆట రాసినవాళ్లకీ ఇది తెలుసు. అందుకే ముసలి డ్రాగన్‌ల వంటి ఘటాలకి "లెజెండరీ రెసిస్టెన్స్" అని ఒక సౌకర్యం పెట్టారు. మంత్రం తగిలినా రోజుకి మూడుసార్లు "నాకు తగల్లేదు" అని ఊరుకోవచ్చు. మా ఆఫీసులో ఒకాయన ఈ విద్యని మూడుసార్లతో ఆపేవాడు కాదు.

అయినా బలం పెంచితే విలన్ ఎక్కువసేపు బతుకుతాడే గానీ మళ్లీ రాడు. మళ్లీ రావాలంటే ఓడిపోయి, ప్రాణాలతో ఇంటికి వెళ్లాలి. ఈ కిటుకు కోసం అమెరికా పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు, భాగవతంలో జరాసంధుడున్నాడు. కృష్ణుడు తన అల్లుణ్ణి చంపాడన్న కోపంతో ఇరవై మూడు అక్షౌహిణులు వేసుకుని మధుర మీద పడ్డాడు. సైన్యమంతా పోయింది. బలరాముడు పట్టుకుని కట్టెయ్యబోతే కృష్ణుడే వద్దని వదిలించాడు. వీడు బతికుంటే ఊరూరా ఉన్న దుర్మార్గుల్ని పోగేసుకుని మళ్లీ వస్తాడు, మనం వెతుక్కుంటూ తిరిగే శ్రమ తప్పుతుంది అని ఆయన లెక్క. అలా పదిహేడుసార్లు వచ్చాడు, పదిహేడుసార్లూ ఓడాడు. పద్దెనిమిదోసారికి కృష్ణుడే ఊరు మార్చేసి ద్వారకలో ఇల్లు కట్టుకున్నాడు. విలన్ బలమంటే నా దృష్టిలో ఇదీ. ఒక్కసారీ గెలవకుండా దేవుడి చేత ఇల్లు ఖాళీ చేయించాడు.

చచ్చినా తిరిగొచ్చే మార్గాలూ మనవాళ్ల దగ్గర దండిగా ఉన్నాయి. 1951 నాటి 'పాతాళ భైరవి'లో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు సగం సినిమాలోనే చచ్చిపోతాడు. శిష్యుడు సదాజపుడు లేపి కూర్చోబెడతాడు. కాబట్టి విలన్‌కి కోట లేకపోయినా ఫరవాలేదు, నమ్మకమైన శిష్యుడొకడుండాలి. 'బాలనాగమ్మ' కథలో మాయల మరాఠీ ప్రాణం చిలకలో ఉంటుంది. ఈ ఆటలో లిచ్ అని ఒక చావని మాంత్రికుడున్నాడు. వాడు తన ఆత్మని ఒక పెట్టెలో దాచుకుంటాడని చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు. చిలక బదులు పెట్టె, గింజల ఖర్చు మిగిలింది. అన్నట్టు ఈ ఆటలో మన రాక్షసుడూ ఉన్నాడు, ఆ పేరుతోనే. పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు. చంపితే నరకానికి పోయి కొత్త ఒళ్లు తెచ్చుకుని, చంపినవాళ్ల పేరు గుర్తుపెట్టుకుని మరీ వస్తాడు.

అసలు ఖరగ్‌పూర్‌లో ఉంటూ తిరిగొచ్చే విలన్ల కోసం ఆలోచించడమే దండగ. దసరా వస్తే మా ఊరికి ఇద్దరు ఠంచనుగా దిగుతారు. ఒకడు గోల్‌బజార్ దుర్గమ్మ కాళ్ల కింద, సగం దున్నపోతులోంచి బయటికొచ్చి, మీసం చెక్కుచెదరకుండా నిలబడతాడు. రెండోవాడు రావణ మైదానంలో పది తలలతో, కడుపు నిండా టపాకాయలతో. ఒకణ్ణి నీళ్లలో ముంచుతారు, ఒకణ్ణి తగలేస్తారు. నిమజ్జనం నాడు బెంగాలీలంతా "ఆశ్చే బొఛొర్ ఆబార్ హొబే" అని గొంతు చించుకుంటారు, వచ్చే ఏడు మళ్లీ జరుగుతుందని. వాళ్లు పిలిచేది అమ్మవారినే. కానీ అదే బండిలో మహిషాసురుడికి కూడా రానూపోనూ టికెట్టు కొట్టేస్తున్నట్టు ఎవరూ గమనించరు.

మా రైల్వేవాళ్లకి జయవిజయుల కథ ఇట్టే పట్టుబడుతుంది. శాపం తగిలిన ఆ వైకుంఠ ద్వారపాలకులకి విష్ణువు రెండు దారులు చూపించాడు. భక్తులుగా అయితే ఏడు జన్మలు, శత్రువులుగా అయితే మూడు. వాళ్లు మూడే కోరుకున్నారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు, ఇలా కష్టమైన పోస్టింగులు మూడు చేసేసి సొంత ఊరికి ట్రాన్స్‌ఫర్ కొట్టించుకున్నారు.

ఇంత సామగ్రి ఉంది గనక కాలకేతుకి కట్లు విప్పించి మళ్లీ దింపాను. ఈసారి పక్కన ఒక శిష్యుడు, ముందర పదిమంది లుంగీలవాళ్లు, వెనక నదిలో సిద్ధంగా ఒక పడవ. అయినా పారిపోవడం అనుకున్నంత తేలిక కాలేదు. మా ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలో అంత పొడవైనది లేదు. తర్వాత ఆ పేరు గోరఖ్‌పూర్ తన్నుకుపోయింది, 2023లో దాని దగ్గర్నుంచి హుబ్బళ్లి. అలాంటి ప్లాట్‌ఫాం మీద చుట్టాల కోసం పరిగెత్తి పెరిగిన పిల్లలు. "పడవ వెళ్లిపోయింది" అని నేననగానే, "ఈ చివర ఎక్కాడా, ఆ చివర ఎక్కాడా? మధ్యలో ఎక్కడ ఆగుతుంది?" అని నిలదీశారు. పడవకి హాల్టులు లేవని ఒప్పించేసరికి నా గొంతు పోయింది.

ఈ గొడవంతా వంటింట్లోంచి వింటున్న మా అమ్మ వచ్చి గడపలో కూర్చుంది. నలభై ఏళ్లకు పైగా ఖరగ్‌పూర్‌లో ఉన్నా ఆవిడ నాలుక ఇంకా శ్రీకాకుళం దాటలేదు.

"ఒరే, ఆడు ఏటి ఉజ్జోగం సేత్తాడు?"

"మాంత్రికుడమ్మా."

"అది సరే. కూడెలా వత్తాది? కోటకి పన్నెవులు కడతారు? ఆడికి పెళ్లయిందా? పిల్లలెంతమంది?"

నేను నవ్వేశాను. పిల్లలు నవ్వలేదు. "అవును మావయ్యా, పెళ్లయిందా?" అంటూ నా మీద పడ్డారు. అంతవరకు కాలకేతుకి ఎంత బలముందనే అడిగినవాళ్లు, ఆ పూటంతా ఆయన సంసారం గురించి ఆరా తీశారు. జవాబులు అమ్మే చెప్పింది. పెళ్లయింది. భార్య మంచిదే, అత్తగారే ఆరళ్లు పెట్టి చంపుకు తినేసింది. పెళ్లీడుకొచ్చిన కూతురుంది. కోట అప్పుల్లో ఉంది. ఆ కపాలం మామగారు పెళ్లిలో పెట్టినది, అదెత్తుకుపోయినందుకే ఆయనకి అంత కోపం. నేను పేజీలకు పేజీలు రాసిన పగని మా అమ్మ కట్నం సామానులోకి దింపేసింది. అది పిల్లలకి ఎంత బాగా అర్థమైందంటే, మేనకోడలు గొంతు తగ్గించి "పోనీ కపాలం ఇచ్చేద్దామా?" అంది. "సగం ధరకి," అన్నాడు బెంగాలీ కుర్రాడు.

1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు ఈ ఆట కోసం 'రేవెన్‌లాఫ్ట్' అనే కథ రాశారు. అందులో స్ట్రాడ్ అనే రక్తపిశాచి జమీందారు ఉన్నాడు. ఈ ఆటలో విలన్లకి విలన్ అతగాడు. ఆ కథ మీద 2016లో వచ్చిన పెద్ద పుస్తకంలో వీరుల్ని కోటకి భోజనానికి రమ్మని మర్యాదగా ఉత్తరం రాస్తాడు. చంపే ముందు వడ్డన. ఇది చదవగానే నాకు మా అమ్మ చెప్పిన కూతురు గుర్తొచ్చింది.

తర్వాతి ఆదివారం కత్తి లేదు, మంత్రం లేదు. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ ఒకటి పిల్లల ముందు పెట్టాను. మహామాంత్రిక కాలకేతు గారి కనిష్ఠ పుత్రిక వివాహం, సకుటుంబ సపరివారంగా విచ్చేయగలరు. వెళ్లాలా వద్దా అన్న చర్చ క్షణం సాగలేదు. పిలిచాక వెళ్లకపోతే బాగుంటుందా? ఏం పెట్టాలన్నదాని మీదే రెండు గంటలు కొట్టుకున్నారు. చివరికి తలా నూటపదహారు బంగారు నాణాలని తేలింది. చదివింపుల దగ్గర శిష్యుడు పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కళ్లే వరసలో నిలబడి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, వీధి, అన్నీ అక్షరం పొల్లుపోకుండా చెప్పి రాయించారు. రాసినది సరిగ్గా ఉందో లేదో మా మేనకోడలు మళ్లీ చదివించుకుని మరీ సరిచూసింది.