శిశువు, పశువు, పాము, నేను

గానరసం పసిబిడ్డకి తెలుస్తుంది, పశువుకి తెలుస్తుంది, ఆఖరికి పాముకి కూడా తెలుస్తుందని మన పెద్దలు ఓ శ్లోకంలో తేల్చేశారు. ఆ జాబితాలో బ్యాంకు గుమస్తా లేడు. మొదట్లో కాస్త బాధపడ్డాను గానీ, పాము సంగతి తెలిశాక మనసు కుదుటపడింది. పాముకి బయటికి చెవులే ఉండవట. ఊదేవాడి చేతిలో బుర్ర అటూ ఇటూ ఊగుతుంటే, అదేం కొంప ముంచుతుందోనని దానివైపే పడగ తిప్పుతుంటుందట. చూసేవాళ్లు మాత్రం పాట విని పరవశించిపోయిందనుకుంటారు. ముప్పయ్యేళ్లుగా కచేరీల్లో నేను చేస్తున్నదీ ఇదే. ముందువరసలో కండువా కప్పుకున్న పెద్దాయన తల ఎటు ఊగితే నా తలా అటు.

అయితే మనకి సంగీతం రాకపోవడం వేరు, సంగీతం మన జోలికి రాకపోవడం వేరు. తెలిసినవాళ్లకి ఓ రక్షణ ఉంటుంది. ఇది ఫలానా రాగం, ఇక్కడ గమకం జారింది అని లెక్కలు కట్టుకుంటూ గట్టుమీద కూర్చోగలరు. మాబోటివాళ్లకి ఆ గట్టు లేదు. పాట తిన్నగా పొట్టలోకి దిగుతుంది.

పొట్ట అని ఊరికే అనలేదు. తెల్లవారుజామున ఆకాశవాణి ట్యూను మొదలైందంటే చాలు, నాకిప్పటికీ పొట్టలో తిప్పుతుంది. మా చిన్నప్పుడు బెజవాడలో గోడ గడియారం ఒకటి ఉండేది గానీ దాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. ఇల్లు నడిచేది రేడియో మీద. భక్తిరంజని వస్తుంటే పక్క దిగాలి. ఆరూ యాభై అయిదుకి సంస్కృత వార్తలు వచ్చేసరికి స్నానం అయిపోవాలి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, ఆ వార్తల వేళకి ఒంటిమీద నీళ్లు పడని రోజుల్లో మా నాన్న గొంతు మాత్రం స్వచ్ఛమైన తెలుగులో వినపడేది. ఆ ట్యూను కట్టినాయన వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడని, నాజీల కాలంలో యూరప్ వదిలి బొంబాయి చేరాడని, దాన్ని శివరంజని రాగంలో కట్టాడని పెద్దయ్యాక చదివాను. శివరంజని కరుణరసానికి పెట్టింది పేరట. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినాయన బాధ ఏమోగానీ, లెక్కల హోంవర్కు చెయ్యని ఆరో తరగతి కుర్రాడికి అంతకన్నా తగిన రాగం ఉండదు.

శ్లోకంలో పశువుల మాట కూడా నిజమేనని మా పాలాయన సాక్ష్యం. పాకలో ట్రాన్సిస్టరు వేలాడదీసి, మధ్యాహ్నం సిలోన్ రేడియోలో తెలుగు పాటలు పెట్టేవాడు. అనౌన్సరు మీనాక్షి పొన్నుదొరై గొంతు వినపడితే గేదెలు చెవులు రిక్కించేవనీ, ఆ పూట పాలు ఎక్కువిచ్చేవనీ చెప్పేవాడు. పాలు కాదు, నీళ్లు ఎక్కువిచ్చేవని మా అమ్మ.

ఇక నా సంగీత విద్య. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చింది. ఆ సినిమా చూసి ఎంతమంది తండ్రులు పిల్లల్ని సంగీతం మేష్టర్ల దగ్గరికి ఈడ్చుకెళ్లారో లెక్క తెలీదు గానీ, మా వీధిలో నాలుగు ఈడ్పులు జరిగాయి. అందులో ఒకటి నాది. మా నాన్న సినిమాహాలు నుంచి జె.వి. సోమయాజులులా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ నడక వారం రోజుల్లో పోయింది గానీ, నా పాఠాలు ఏడాది సాగాయి. ఏడాదంతా సరళీ స్వరాలే. మొదట నేర్పే రాగం మాయామాళవగౌళ అయి ఉండాలని ఏర్పాటు చేసింది పురందరదాసు అంటారు. ఆయన ఉద్దేశం మంచిదే. నా గొంతు ఆయన వినలేదు, అంతే. సంవత్సరం చివర్లో పంతులమ్మగారు మా అమ్మని పిలిచి, "వేళ్లు మాత్రం చాలా చురుగ్గా ఉన్నాయమ్మా, పెద్దయ్యాక టైపు నేర్పించండి" అన్నారు. నేర్పించారు. ఉద్యోగం వచ్చింది. ఆ విధంగా సంగీతమే నాకు అన్నం పెట్టింది.

పెళ్లి కూడా చేసింది. రాజమండ్రిలో పెళ్లిచూపులు. మా పిన్ని ఆనవాయితీగా "ఏదీ, ఒక పాట పాడమ్మా" అంది. ఆ అమ్మాయి త్యాగరాజ కృతి ఒకటి అందుకుంది. నాకు తెలిసిన ఒకే ఒక సంగీత కార్యక్రమం చేశాను. తొడ మీద తాళం వేస్తూ తలూపాను. మనసు పారేసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? పెళ్లయిన వారానికి, డాబా మీద వెన్నెట్లో, "ఇంకోటి పాడవూ" అన్నాను. "అదొక్కటే వచ్చండీ" అంది. పెళ్లిచూపుల కోసమే పక్కింటావిడ దగ్గర నేర్చుకుందట. నాకు ముందు ఏడు సంబంధాలకి అదే పాడిందట. ఆరుగురు జవాబు రాయలేదు. ఏడో పెళ్లికొడుకు శ్రుతి తప్పిందని అక్కడే చెప్పాడట.

"మరి నన్నెలా ఒప్పుకున్నావు?"

"మీరు తాళం వేశారు చూడండీ, ఎక్కడా కలవలేదు. హమ్మయ్య, ఈయనకీ రాదు అనుకున్నాను."

జాతకాల్లో ఎన్ని గుణాలు కలిశాయో గుర్తులేదు గానీ, ఈ ఒక్క గుణం కలిసింది.

మా పెళ్లిలో నాకు నచ్చిన సంగీతం గట్టిమేళం. తాళి కట్టే క్షణంలో తుమ్మో ఏడుపో మరే అపశకునపు మాటో చెవిన పడకుండా డోళ్లూ సన్నాయిలూ ఒక్కసారిగా విరుచుకుపడే ఏర్పాటిది. అంత తెలివైన ఏర్పాటుని ఆ ఒక్క నిమిషంతో ఆపేయడం ఎందుకో నాకు అర్థం కాదు. సంసారంలో దాని అవసరం ఉన్న సందర్భాలు నేను కనీసం వంద చెప్పగలను.

పాప పుట్టాక శిశువు పరీక్ష కూడా జరిగింది. ఎవరు జోకొట్టినా పడుకోని పిల్ల, నేను నోరు తెరిస్తే నిమిషంలో కళ్లు మూసుకునేది. గర్వపడ్డాను. "తప్పించుకోడానికి దానికి ఇంకో దారేదీ?" అంది మా ఆవిడ. అన్నట్టు, ఆ ఒక్క కృతీ ఇప్పటికీ కూనిరాగంగా వంటింట్లోంచి వస్తుంటుంది. పల్లవి వినపడితే ఇంట్లో అంతా కులాసా. అనుపల్లవి దాకా వెళ్లిందంటే పుట్టింటినుంచి ఎవరో వస్తున్నారు. ఏమీ వినపడకపోతే నేను చెప్పులేసుకుని కూరగాయలకి బయల్దేరతాను.

కిందటేడు ఆ పాపే నా పుట్టినరోజుకి బ్లూటూత్ స్పీకరు పంపింది. ఆదివారం ఉదయం ఆరింటికి, మంచి మాటతో మొదలుపెడదామని ఘంటసాల భగవద్గీత పెట్టాను. వాల్యూం ఎక్కడుందో తెలీలేదు. గీత పెట్టే ముందు తెలుగువాడు రెండుసార్లు ఆలోచించాలి. 1974లో ఆయన పోయాక బయటికొచ్చిన రికార్డది. ఊరూరా ఏ ఇంట్లో ఎవరు పోయినా అదే పెట్టడం అలవాటైపోయింది. లేచి యుద్ధం చెయ్యవయ్యా అని అర్జునుడికి చెప్పిన గీతని మనం ఇక లేవనివాళ్ల పక్కన పెట్టి వినిపిస్తాం.

పది నిమిషాల్లో కాలింగ్‌బెల్లు. మా ఆవిడ అప్పుడే తలంటుకుని, జుట్టు విరబోసుకుని, బొట్టయినా పెట్టుకోకుండా వెళ్లి తలుపు తీసింది. ఎదురుగా పై ఫ్లాటాయన, చేతిలో ఫ్లాస్కు. కారు పెట్టుకునే చోటు దగ్గర మాటా మాటా వచ్చి రెండేళ్లుగా మాతో మాటల్లేవు.

"ఎంత పని జరిగిందమ్మా! ఎప్పుడు?" అన్నాడు.

గీజరు సంగతి ఈయనకెలా తెలిసిందా అనుకుంది మా ఆవిడ. "రాత్రే పోయిందండీ. పాతదైపోయింది కదా, ఎన్నాళ్లని లాగుతుంది! పదింటికి కుర్రాడొచ్చి పట్టుకుపోతానన్నాడు. ఎక్స్‌ఛేంజిలో ఎంతో కొంత వస్తుందిగా."

అత్తగారి గురించి ఒక కోడలు ఇంత మాట అనడం ఆయన తన అరవయ్యేళ్ల జీవితంలో విని ఉండడు. గుమ్మం పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి మా అమ్మ, "ఎవరే అదీ? కాఫీ వాసనొస్తోంది" అంటూ కర్ర పట్టుకుని వచ్చింది. ఆయన అమ్మ వంక చూశాడు. తర్వాత మా ఆవిడ బోసి నుదుటి వంక చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనకనుంచి నోట్లో బ్రష్షుతో నేను వెళ్లాను.

కొన్ని క్షణాలు శ్రీకృష్ణుడొక్కడే మాట్లాడాడు.

చేతిలో ఫ్లాస్కు ఉన్న మనిషి వెనక్కి ఎలా వెళ్తాడు? కూర్చున్నాడు. నాలుగు గ్లాసులొచ్చాయి. కాఫీ బావుంది. కారు ఊసు ఎవరూ ఎత్తలేదు గానీ, సోమవారం పొద్దున చూస్తే ఆయన కారు మూరెడు అవతలికి జరిగి ఉంది.

మళ్లీ ఆదివారం నేను బుద్ధిగా స్పీకరు ముట్టుకోలేదు. ఆరున్నరకి బెల్లు. ఫ్లాస్కుతో ఆయనే. "ఏం, ఇవాళ పెట్టలేదేం?" అన్నాడు కాస్త నిష్ఠూరంగా.

అప్పటినుంచి ప్రతి ఆదివారం గీత, కాఫీ. ఆయనకి సంగీతజ్ఞానం బాగా ఉన్నట్టుంది. శ్లోకం శ్లోకానికీ తల ఊగుతుంటుంది. ఆ తల ఎటు ఊగితే నా తలా అటు. నాలుగో ఆదివారం గమనించాను, ఆయన రెప్పవాల్చకుండా నా తలవైపే చూస్తున్నాడు.